తనంతట తానే ఆగే యంత్రం కథ

మీట నొక్కారు. ఫ్యాను గిర్రున తిరిగింది. ముందున్న చిన్న దీపం వెలిగింది. తెర మీద ఏదో రాబోతోంది అనుకునేలోపే అంతా చప్పబడిపోయింది. ఫ్యాను ఆగింది, దీపం ఆరింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే తంతు.

కంప్యూటరుతో పనిచేసేవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కే ఇది. ఇంట్లో కరెంటు ఉంది. ఎవరూ స్విచ్ ఆపలేదు. మరి కంప్యూటరును ఆపిందెవరు? చాలాసార్లు దీనికి జవాబు ఒకటే: కంప్యూటరే తనను తాను ఆపుకుంది. ఎందుకు ఆపుకుంది? అలా ఆపుకోవడం యంత్రాలకు ఎవరు, ఎప్పుడు నేర్పారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ పోతే అది మనల్ని టెలిగ్రాఫు కాలం దాకా తీసుకుపోతుంది. అక్కడికి వెళ్ళేముందు ఒక ఉక్కు నగరానికి వెళ్దాం.

నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, 2003 మే నెలలో, భిలాయిలో మా పెదనాన్నగారింటికి వెళ్ళాను. ఛత్తీస్‌గఢ్‌లో దుర్గ్ పట్టణానికి ఆనుకొని ఉంటుంది భిలాయి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి, ఉక్కు కర్మాగారంలో పనిచేసి, అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడి సెక్టార్లలో చాలా ఉన్నాయి. మా పెదనాన్న కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిచేసి రిటైరయ్యారు. ఆయన కొడుకు, మా తమ్ముడు, అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. వాడి ప్రాజెక్టు రిపోర్టు మొత్తం ఇంట్లోని కంప్యూటరులోనే ఉంది. వేరే కాపీ లేదు. గడువు ఇంకా వారమే ఉంది. సరిగ్గా ఆ సమయంలోనే కంప్యూటరు పైన చెప్పిన తంతు మొదలుపెట్టింది.

బజారులో ఒక దుకాణంవాళ్ళు చూసి, లోపల కరెంటు సరఫరా చేసే పెట్టె, అంటే ఎస్.ఎం.పి.ఎస్., పోయిందని కొత్తది బిగించారు. డబ్బు ఖర్చయింది కాని గుణం కనిపించలేదు. “అయితే మదర్‌బోర్డు మార్చాల్సిందే” అన్నారు. అది పెద్ద ఖర్చు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

పెదనాన్నకు కంప్యూటర్ల గురించి పెద్దగా తెలియదు. అయినా ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది.

“ఒరే, నొక్కిన ఎంతసేపటికి ఆగుతోంది?”

“వెంటనే, పెదనాన్నా.”

“వెంటనే అంటే ఎంత? గడియారం పెట్టి చూశారా?”

మేం చూడలేదు. అప్పుడు చూశాం. ఐదుసార్లు నొక్కితే ఐదుసార్లూ నాలుగు సెకన్లకే ఆగింది.

“షార్టయితే క్షణంలో పోవాలి. వేడివల్లనైతే ఒకసారి ముందు, ఒకసారి వెనక పోవాలి. ప్రతిసారీ నాలుగే అంటే లోపల ఎవరో లెక్కపెడుతున్నారురా” అన్నారాయన.

ఆ లెక్కపెట్టేదెవరో చివర్లో చెబుతాను. ఆ లోపల మీరు కూడా ఆలోచించండి. కావలసిన ఆధారాలన్నీ దారిలో దొరుకుతాయి.

కొలిమికి స్విచ్ ఉండదు

పెదనాన్న అలా ప్రశ్నించడం ఎక్కడ నేర్చుకున్నారో తెలియాలంటే భిలాయి పుట్టుక గురించి కొంచెం తెలియాలి. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారం కట్టాలన్నది లక్ష్యం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పుడది మధ్యప్రదేశ్, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడ్డాక అందులోకి వచ్చింది.

బ్లాస్ట్ ఫర్నేసు అంటే నిలువెత్తు కొలిమి. పైనుంచి ఇనుప ఖనిజం, కోక్ బొగ్గు, సున్నపురాయి పోస్తారు. కిందినుంచి కాలుతున్న గాలి ఊదుతారు. అడుగున సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవ ఇనుము చేరుతుంది. ఇలాంటి కొలిమికి మన ఇంట్లో లైటుకు ఉన్నట్టు స్విచ్ ఉండదు. చల్లని కొలిమిని కొన్ని రోజులపాటు నెమ్మదిగా వేడిచేస్తూ పనిలోకి తెస్తారు. గబుక్కున వేడిచేస్తే లోపలి ఇటుక గోడలు పగులుతాయి. ఒకసారి మొదలయ్యాక అది ఏళ్ళ తరబడి రాత్రింబగళ్ళు మండుతూనే ఉంటుంది. చెప్పాపెట్టకుండా ఆగి చల్లారిపోతే లోపలి ఇనుము గడ్డకట్టుకుపోతుంది. దాన్ని మళ్ళీ దారికి తేవడం కొత్తగా వెలిగించడం కంటే కష్టం.

అందుకే ఇలాంటి చోట పనిచేసేవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. పెద్ద యంత్రానికి గండం ఎక్కువగా నడుస్తున్నప్పుడు రాదు; మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు వస్తుంది. కనుక మొదలుపెట్టే ముందు కొన్ని షరతులు పెడతారు. చల్లబరిచే నీటికి తగినంత ఒత్తిడి ఉందా? ఫలానా కవాటం మూసి ఉందా? అన్నిటికీ ‘ఉంది’ అని జవాబు వస్తేనే తరువాతి మెట్టు. దీన్నే ఇంటర్‌లాక్ అంటారు. నడుస్తుండగా ఏ షరతు తప్పినా యంత్రాన్ని ఆపేసే ఏర్పాటు ట్రిప్. ఒకటి పడిపోతే దాని వెనక పది పడిపోతాయి, కంట్రోలు గదిలో దీపాలన్నీ ఒక్కసారే వెలుగుతాయి. అప్పుడు తేల్చవలసింది ‘ఏవేవి పడ్డాయి’ అన్నది కాదు, ‘మొదట ఏది పడింది’ అన్నది. ఆ మొదటిదాన్ని పట్టి చూపే ప్రత్యేకమైన దీపాల పలకలే ఉంటాయి. పెదనాన్న సర్వీసంతా వాటి ముందే గడిచింది. గడియారం అడగడం ఆయనకు అలా అలవాటైంది.

తాను కరిగి, ఇల్లు కాపాడే తీగ

యంత్రానికి ‘ఆగిపోవడం’ నేర్పడంలో మొదటి అడుగు చాలా చిన్నది, ఒక సన్నని తీగ. 1847లో ఫ్రాన్సులో బ్రెగే అనే శాస్త్రజ్ఞుడు, పిడుగులు పడినప్పుడు టెలిగ్రాఫు కార్యాలయాల్లోని పరికరాలు కాలిపోకుండా, మార్గమధ్యంలో సన్నని తీగ ముక్క పెట్టమని సూచించాడు. ఎక్కువ కరెంటు వస్తే ఆ ముక్క ముందుగా కరిగిపోతుంది, దారి తెగిపోతుంది, పరికరం బతికిపోతుంది. 1880 ప్రాంతంలో ఎడిసన్ ఈ ఆలోచనను తన విద్యుద్దీపాల వ్యవస్థలోకి తెచ్చాడు. మనకు తెలిసిన ఫ్యూజు అదే.

ఫ్యూజుకు ఒక ఇబ్బంది ఉంది. యంత్రం మొదలయ్యే క్షణంలో కరెంటు మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ లాగుతుంది. ఎందుకో ఒక చిన్న లెక్క చేసి చూడండి. పాతకాలపు 100 వాట్ల ఫిలమెంటు బల్బు తీసుకుందాం. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల దగ్గర అది వెలుగుతున్నప్పుడు తీసుకునే కరెంటు 100ను 230తో భాగిస్తే వచ్చేది, సుమారు 0.43 ఆంపియర్లు. అంటే వేడిగా ఉన్న ఫిలమెంటు నిరోధం దాదాపు 530 ఓమ్‌లు. కాని టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఇందులో పదో వంతుకంటే తక్కువ. కాబట్టి స్విచ్ వేసిన మొదటి క్షణంలో 4 ఆంపియర్లకు మించిన కరెంటు దూసుకువస్తుంది. పాత బల్బులు ఎక్కువగా వెలిగించిన క్షణంలోనే ‘టప్’ మని మాడిపోయేది అందుకే.

ఫ్యూజు ఈ క్షణికమైన పోటును ఓర్చుకోవాలి. నిజమైన ప్రమాదాన్ని మాత్రం ఓర్చుకోకూడదు. పైగా ఒకసారి కరిగితే కొత్త తీగ వేయాలి. 1924లో జర్మనీలో హ్యూగో స్టాట్జ్ రూపొందించిన చిన్న సర్క్యూట్ బ్రేకరు ఈ రెండు సమస్యలకూ దారి చూపింది. కొంచెం ఎక్కువ కరెంటు అయితే వేడికి వంగే లోహపు పట్టీ నిదానంగా ఆపుతుంది. మరీ ఎక్కువైతే విద్యుదయస్కాంతం రెప్పపాటులో ఆపుతుంది. లోపం సరిదిద్దాక మీట పైకి వేస్తే చాలు. ఇప్పుడు మీ ఇంటి మీటరు దగ్గర ఉన్నది దాని సంతతే. ఎంతసేపటికి ఆగిందన్నదాన్ని బట్టి లోపం ఏ జాతిదో చెప్పవచ్చునన్న సూత్రం అప్పటికే అందులో ఉందని గమనించండి.

ఆర్పితే పాడయ్యే కంప్యూటర్లు

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు పుట్టాయి. అవి వాక్యూం ట్యూబులతో, అంటే గాలి తీసేసిన గాజు నాళికలతో నడిచేవి. ట్యూబులోనూ బల్బులోలాగే ఎర్రగా కాలే తీగ ఉంటుంది. బల్బుకున్న జబ్బే దానికీ ఉంది. వేల ట్యూబులతో యంత్రం కడితే నిమిషానికొకటి పోతుందనీ, ఆ యంత్రం ఎప్పటికీ పనిచేయదనీ చాలామంది నిపుణులు భయపడ్డారు.

బ్రిటన్‌లో పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో పనిచేసే టామీ ఫ్లవర్స్ అలా అనుకోలేదు. టెలిఫోను ఎక్స్ఛేంజీల అనుభవంతో ఆయనకు ఒక రహస్యం తెలుసు: ట్యూబులను మాటిమాటికీ ఆర్పకుండా వెలుగుతూనే ఉంచితే అవి అరుదుగా పోతాయి. ఆ నమ్మకంతోనే ఆయన 1943లో కొలోసస్ యంత్రాన్ని నిర్మించాడు. దాదాపు 1600 ట్యూబులున్న ఆ యంత్రం 1944లో బ్లెచ్లీ పార్కులో జర్మన్ల రహస్య సందేశాలను ఛేదించే పనిలోకి దిగింది.

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రపంచానికి పరిచయమైన ఎనియాక్‌లో 17,468 ట్యూబులు ఉండేవి. దాని బరువు సుమారు 30 టన్నులు. అది 150 కిలోవాట్ల కరెంటు తినేది. ట్యూబులలో ఎక్కువ భాగం యంత్రం వేడెక్కేటప్పుడో చల్లారేటప్పుడో పోతున్నాయని ఇంజనీర్లు గమనించారు. ఏం చేశారు? ఆర్పడం మానేశారు. ట్యూబులను వాటికి అనుమతించిన దానికంటే తక్కువ వోల్టేజీల వద్దే నడిపారు. దాంతో చెడిపోవడం దాదాపు రెండు రోజులకొక ట్యూబుకు తగ్గింది. ఆ యంత్రాన్ని చివరికి 1955 అక్టోబరు 2న రాత్రి 11:45కు ఆపేశారు.

అంటే మొదటితరం కంప్యూటరూ భిలాయి కొలిమీ ఒకే స్వభావం గలవి. రెండిటికీ మొదలుపెట్టడమే గండం. రెండిటికీ మందు ఒకటే: ఆపకపోవడం.

మన దేశానికి కంప్యూటర్లు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు బ్రిటన్ నుంచి హెచ్.ఇ.సి.-2ఎం యంత్రం వచ్చింది. తరువాత కొద్ది ఏళ్ళకే అదే సంస్థకు సోవియట్ యూనియన్ నుంచి ‘ఉరాల్’ చేరింది. సోవియట్ ఇంజనీర్లు భిలాయిలో కొలిములు నిలబెడుతున్న కాలమే అది. బొంబాయిలోని టాటా సంస్థ శాస్త్రజ్ఞులు స్వయంగా కట్టిన టిఫ్రాక్ 1960లో పనిచేయసాగింది. అందులో సుమారు 2700 ట్యూబులు ఉండేవి.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఈ పరిస్థితి మారింది. ట్రాన్సిస్టరులో కాలే తీగ లేదు కాబట్టి ఆర్పి వెలిగించినా దానికి అంత బాధ ఉండదు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్., 1969లో టి.డి.సి.-12 కంప్యూటరును తయారుచేసింది. వాణిజ్యపరంగా మన దేశంలో తయారైన తొలి కంప్యూటరు అదే. కంప్యూటరును రోజూ ఆపి, రోజూ మొదలుపెట్టవచ్చునన్న రోజులు వచ్చాయి. అయితే మొదలుపెట్టే క్షణపు గండం పూర్తిగా పోలేదు. వేషం మార్చుకుంది.

“కరెంటు బాగుంది” అన్న కబురు

కంప్యూటరు చిప్పులకు 230 వోల్టులు పనికిరావు. వాటికి 12, 5, ఇంకా తక్కువ వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావాలి. ఒకప్పుడు ఈ పని బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు చేసేవి. 1970వ దశకంలో స్విచింగ్ పద్ధతి చిన్న కంప్యూటర్లలోకి వచ్చింది. 1977 నాటి ఆపిల్-2లో ఉన్నది అదే. ఇంటి కరెంటును మొదట ఏకముఖంగా మార్చి, ట్రాన్సిస్టర్లతో సెకనుకు వేలాదిసార్లు తెంచి కలుపుతూ, చిన్న ట్రాన్స్‌ఫార్మరుతోనే పని కానిస్తారు. ఈ పెట్టెనే మనం ఎస్.ఎం.పి.ఎస్. అంటున్నాం. ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. దీని లోపలి కెపాసిటర్లలో దాదాపు 325 వోల్టులు నిలవ ఉంటాయి, తీగ పీకేశాక కూడా కొంతసేపు ఉంటాయి. ఈ పెట్టె మూత మాత్రం మీరు ఎన్నడూ విప్పకండి.

ఈ పెట్టె పాత ట్రాన్స్‌ఫార్మరు కంటే తెలివైనది. తాను ఇస్తున్న వోల్టేజీని తానే కొలుచుకుంటుంది. షార్ట్ అయితే, వోల్టేజీ హద్దు మీరితే, ఫ్యూజు కరిగేదాకా ఆగకుండా తానే పని ఆపేస్తుంది.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. పి.సి. వచ్చింది. దాని కరెంటు పెట్టె సామర్థ్యం 63.5 వాట్లు మాత్రమే. అందులో ఒక చిన్న తీగ ఉంది. దాని పని కరెంటు మోయడం కాదు, కబురు మోయడం. వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చాక, సెకనులో కొద్ది వంతు గడిచాక, ఆ తీగ మీద “కరెంటు బాగుంది” అన్న సంకేతం వెళుతుంది. అది అందేదాకా ప్రాసెసరును కదలనివ్వరు. అందిన తరువాతే ప్రాసెసరు మొదటి ఆదేశం చదువుతుంది. ఆ పి.సి.లో అది 10,48,576 చిరునామాల వరుసలో చివరి 16కు మొదట ఉన్న చోట దొరికేది. అక్కడినుంచి యంత్రం తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక చిన్న కూత పెట్టేది.

ఇది కొలిమి దగ్గరి ఇంటర్‌లాకే కదా! నీటి ఒత్తిడి సరిపోయిందన్న కబురు వస్తేనే తరువాతి మెట్టు. మీ బల్ల మీది కంప్యూటరులో జరుగుతున్నది కూడా అదే.

స్విచ్ కాదు, విన్నపం

ఆ పాత పి.సి.లకు పక్కన పెద్ద ఎర్రని మీట ఉండేది. అది నిజమైన స్విచ్. ఇంటి కరెంటును అదే కలిపేది, అదే తెంచేది. కంప్యూటరు పని అయ్యాక, ఇప్పుడు ఆపవచ్చునని తెర మీద వాక్యం కనబడితే మీరే లేచి నొక్కాలి. విండోస్ 95 వాడినవాళ్ళకు ఆ నారింజ రంగు వాక్యం గుర్తుండే ఉంటుంది.

1995లో ఇంటెల్ సంస్థ ఎ.టి.ఎక్స్. అనే కొత్త నమూనా ప్రకటించింది. అందులో ముందున్న మీట ఇంటి కరెంటును ముట్టుకోదు. అది మదర్‌బోర్డుకు ఒక విన్నపం పంపుతుంది. మదర్‌బోర్డు ఒక తీగ ద్వారా ఎస్.ఎం.పి.ఎస్.కు “మొదలుపెట్టు” అని చెబుతుంది. దీనికోసం కంప్యూటరు ఆగి ఉన్నప్పుడు కూడా మదర్‌బోర్డులో ఒక మూల 5 వోల్టుల కరెంటు మేలుకుని ఉంటుంది. అందుకే లోపల చెయ్యి పెట్టేముందు గోడ ప్లగ్గు పీకాలి. ముందున్న మీట ఆపితే చాలదు.

ఇలా ఆన్, ఆఫ్ రెండూ కంప్యూటరు చేతికి వచ్చాయి. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ప్రోగ్రాము బిగుసుకుపోయి విన్నపం వినకపోతే ఎలా? 1996 డిసెంబరులో వెలువడిన ఎ.సి.పి.ఐ. అనే నియమావళి దీనికి ఉపాయం చెప్పింది. మీటను నాలుగు సెకన్లకు మించి నొక్కి పట్టుకుంటే, ఏ ప్రోగ్రాము సంగతీ చూడకుండా మదర్‌బోర్డు కరెంటు ఆపేయాలి. మీలో కొందరికి ఈపాటికి భిలాయి కంప్యూటరు గుట్టు తెలిసిపోయి ఉంటుంది!

వేడి పెట్టే మెలిక

వేడి సంగతి కూడా చూద్దాం. ప్రాసెసరు చిప్పు గోరంత చోటులో పదుల వాట్ల వేడి పుట్టిస్తుంది. దానిమీద లోహపు రెక్కల దిమ్మ, ఆ దిమ్మ మీద ఫ్యాను, చిప్పుకూ దిమ్మకూ మధ్య ఖాళీ లేకుండా ఒక పేస్టు పెడతారు. చిప్పు ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ అని లెక్క. ఆ తేడా 40 డిగ్రీలు అనుకోండి. గది 25 డిగ్రీలుంటే చిప్పు 65. మే నెలలో గది 43 అయితే చిప్పు 83. కంప్యూటరులో ఏ మార్పూ లేకుండానే, ఋతువు మారినంత మాత్రాన 18 డిగ్రీలు పెరిగాయి. దానికి రెక్కల మధ్య దుమ్ము తోడైతే ఇంకా పెరుగుతుంది.

1995 నాటి పెంటియం ప్రో కాలానికే, హద్దు మీరి వేడెక్కితే చిప్పే పని ఆపేసే ఏర్పాటు ఉంది. ఈ ఏర్పాటు విలువ ఏమిటో 2001లో ఒక ప్రసిద్ధ పరీక్ష కళ్ళకు కట్టినట్టు చూపింది. నడుస్తున్న కంప్యూటర్ల మీదినుంచి లోహపు దిమ్మను తీసేశారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికిపోయింది. పెంటియం 3 ఆగిపోయింది, కాని చెడలేదు. అప్పటి ఆథ్లాన్ కొద్ది క్షణాల్లో పొగలు కక్కి కాలిపోయింది. ఈ మూడింటిలో మీ డబ్బు కాపాడినవి ఏవో మీరే చెప్పండి. కంప్యూటరు ఆగిపోవడం ఎప్పుడూ చెడ్డ సంగతి కాదన్నమాట.

దాదాపు అదే కాలంలో ఇంకో తెగులు ప్రపంచమంతా పాకింది. 1999 నుంచి కొన్ని సంవత్సరాలపాటు తయారైన ఎన్నో మదర్‌బోర్డుల మీది కెపాసిటర్లు లోపలి ద్రవం నాసిరకం కావడంతో పైభాగం ఉబ్బి, కారిపోయాయి. కెపాసిటరు పని, కరెంటు కోరిక ఒక్కసారిగా పెరిగినప్పుడు వోల్టేజీ పడిపోకుండా ఆదుకోవడం. అది బలహీనపడితే కంప్యూటరు మొదలై, విండోస్ ఎక్కుతూ పని పెరిగే సమయానికి కూలబడుతుంది.

గడియారం చేతపట్టండి

ఇంత చరిత్ర చదివాక మీకు ఒక వైద్యుడికుండే నేర్పు వచ్చినట్టే. మీ ఇంట్లోనో మీ బడిలోనో బల్లమీది కంప్యూటరు ఇలా ఆగిపోతుంటే మొదట చేయవలసింది విప్పడం కాదు, కొలవడం. ఐదుసార్లు మొదలుపెట్టి, ఎన్ని సెకన్లకు ఆగిందో కాగితం మీద రాయండి.

ఒక సెకనులోపే ఆగితే ఎస్.ఎం.పి.ఎస్. షార్టును పసిగట్టి ఆపేసిందని అనుమానించాలి. మదర్‌బోర్డు కింద జారిపడ్డ స్క్రూ, సరిగా గుచ్చని తీగ, చెడిపోయిన కార్డు వీటిలో ఏదైనా కావచ్చు. ప్లగ్గు పీకి, తప్పనిసరి కాని భాగాలను ఒక్కొక్కటే తీసి చూడండి. ఏది తీశాక నిలబడిందో అదే దొంగ.

ప్రతిసారీ సరిగ్గా నాలుగైదు సెకన్లయితే ముందున్న మీటను చూడండి.

పది సెకన్లనుంచి ఒకటి రెండు నిమిషాల మధ్య, రెండోసారి మొదటిసారికంటే తొందరగా, కాసేపు చల్లారనిస్తే మళ్ళీ ఆలస్యంగా ఆగితే అది వేడి పనే. ఫ్యాను తిరుగుతోందా, దిమ్మ బిగుతుగా ఉందా, పేస్టు ఎండిపోయిందా అని చూడండి.

మొదలై, కొంత దూరం వెళ్ళి, పని పెరిగే చోటనే ఆగితే ఎస్.ఎం.పి.ఎస్. శక్తి చాలడం లేదు, లేదా కెపాసిటర్లు ఉబ్బాయి. ఉబ్బిన కెపాసిటరు కంటికే కనిపిస్తుంది.

ఏ లెక్కకూ అందకుండా, ఒకసారి ఆగి ఒకసారి నడిస్తే గోడ ప్లగ్గు వదులేమో, యూపీఎస్ బ్యాటరీ ముసలిదేమో చూడండి. ఎస్.ఎం.పి.ఎస్. కరెంటు లేకుండా ఓర్చుకోగలిగింది సుమారు 16 మిల్లీసెకన్లు మాత్రమే. మనకు కనిపించనంత చిన్న ఆటంకం కూడా దానికి చాలు.

ఇంకో తేడా. ఆగిపోవడం వేరు, ఆగి వెంటనే తనంతట తాను మళ్ళీ మొదలవడం వేరు. రెండోది చాలాసార్లు ప్రోగ్రాము లోపం. దానికి కొత్త ఎస్.ఎం.పి.ఎస్. కొంటే డబ్బు దండగ.

మళ్ళీ భిలాయికి

పెదనాన్న అన్న “లెక్కపెట్టేవాడు” మదర్‌బోర్డే. ఆ ఇంట్లో సన్నని ఎర్రదుమ్ము అన్నిటిమీదా పేరుకునేది. చేతి చెమటతో కలిసి అది మీట ప్లాస్టిక్ అంచులో బంకలా పట్టింది. నొక్కితే మీట లోపలికి పోతోంది కాని వెంటనే వెనక్కి రావడం లేదు. ఎవరో నాలుగు సెకన్లుగా నొక్కి పట్టుకున్నారని మదర్‌బోర్డు అనుకుని, నియమం ప్రకారం కరెంటు ఆపేస్తోంది. అది చెప్పినమాట వింటోంది. తప్పు దానిది కాదు.

రుజువు చేసుకోవడం కూడా తేలికే. ప్లగ్గు పీకి, మీటనుంచి మదర్‌బోర్డుకు వెళ్ళే రెండు తీగల కొసను తీసి, దాని చోట రీసెట్ మీట తీగలు గుచ్చాం. ప్లగ్గు పెట్టి రీసెట్ నొక్కాం. నాలుగు సెకన్లు గడిచాయి. ఐదు, పది, ఇరవై గడిచాయి. విండోస్ ఎక్కింది. తమ్ముడు చేసిన మొదటి పని రిపోర్టును సీడీ మీదికి ఎక్కించుకోవడం. మదర్‌బోర్డు కొనలేదు. అంతకుముందు కొన్న ఎస్.ఎం.పి.ఎస్. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఇంటి కంప్యూటరు విషయంలో మనం పోగొట్టుకునేది కొంత డబ్బు, కొంత సమయం. పెద్ద యంత్రాల దగ్గర లెక్క వేరు. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో నీటి పంప్ హౌస్ దగ్గర తలెత్తిన లోపం కారణంగా విషవాయువు లీకై, ఇద్దరు సీనియర్ అధికారులతో సహా ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో ఐదో వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇలాంటి చోట ఒత్తిడి పడిపోయిందన్న కబురును యంత్రం ఎంత త్వరగా పసిగట్టి, ఎంత కచ్చితంగా స్పందిస్తుందన్నదాని మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

అందుకే ఒక మాట గుర్తుంచుకోండి. మాటిమాటికీ పోతోందని ఫ్యూజులో లావు తీగ చుట్టడం, విసుగెత్తిస్తోందని రక్షణ ఏర్పాటును తప్పించడం చూస్తూనే ఉంటాం. యంత్రం ఆగితే అది మనకు ఏదో చెబుతోందని అర్థం. దాని నోరు మూయించడం మరమ్మతు కాదు. 1847 నాటి సన్నని తీగ దగ్గరినుంచి ఈనాటి చిప్పు దాకా, ఆగిపోవడం నేర్పడానికి ఎందరో ఇంజనీర్లు శ్రమపడ్డారు.

ఈసారి మీ కంప్యూటరు చెప్పకుండా ఆగిపోతే, దుకాణానికి పరుగెత్తేముందు ఒక కాగితం, ఒక గడియారం దగ్గర పెట్టుకోండి. “ఎంతసేపటికి ఆగింది?” అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబులో సగం అక్కడే దొరుకుతుంది.